సూర్యలంకలో దోసకాయ పులుసు

ఈ ప్రయాణం పంతం మీద మొదలైంది. ఆరు నెలల కిందట ఒక పెళ్లిలో రొయ్యల వేపుడు తిని, చెయ్యి కడుక్కునే లోపే గొంతు మూసుకుపోయి ఆసుపత్రిలో పడ్డాను. బతికాను గానీ రొయ్య, పీత ఈ జన్మలో ముట్టకూడదని డాక్టరు గట్టిగా చెప్పారు. అప్పటినుంచి మా అక్క నన్ను బయట మంచినీళ్లు కూడా తాగనివ్వడం లేదు. నేనేమో ఊళ్లు ఒంటరిగా తిరిగి, అక్కడి తిండి తిని, వచ్చి మీకు రాస్తే గానీ నిద్రపట్టని మనిషిని. చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. ఒక్క రోజు ఒంటరిగా, మూడు పూటలా బయటి తిండితో గడిపి క్షేమంగా తిరిగొస్తే నా తిరుగుళ్లు నావి. ఏ తేడా వచ్చినా ఇకమీదట ఎక్కడికెళ్లినా అక్క వెంట రావాల్సిందే. ఊరు ఎంచుకోవడంలో మాత్రం నా బుద్ధి గడ్డి తింది. నిజామాబాద్‌లో పుట్టి పెరిగిన నాకు సముద్రం ఒడ్డు పరాయి దేశం లెక్క. అందుకే అదే కావాలనిపించింది.

సికింద్రాబాద్‌లో రాత్రి ఎక్కిన రైలు ఆదివారం తెల్లవారుతుండగా తెనాలిలో దింపింది. నా పథకం ఇదీ: తెనాలిలో టిఫిన్, అక్కడినుంచి రైల్లో బాపట్ల, ఆటోలో సూర్యలంక, మధ్యాహ్నం భోజనం సముద్రం దగ్గర, సాయంత్రం బస్సులో రేపల్లె, రాత్రికి రేపల్లెలోనే బయలుదేరే రైలెక్కి ఇంటికి. మీరూ ఇలాగే వెళ్లొచ్చు, దారి చాలా సుఖం.

తెనాలి స్టేషన్ బయట ఆ వేళకే ఆటోల గోల మొదలైంది. బజారు వైపు నడిచి, శాకాహారమని పెద్ద అక్షరాలతో రాసి ఉన్న చిన్న హోటల్లో కూర్చున్నాను. ఇడ్లీ, అల్లం పచ్చడి, కారప్పొడి మీద గిన్నెడు నెయ్యి, అన్నీ కలిపి యాభై రూపాయల లోపే. శాకాహార హోటల్లో రొయ్య ఎక్కడినుంచి వస్తుంది? తెలుసు. అయినా మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, పెదవులు దురద పెడతాయేమోనని అలాగే కూర్చున్నాను. వడ్డించే పెద్దాయన దగ్గరికొచ్చి ఇడ్లీ గట్టిగా ఉందా అమ్మా అని అడిగాడు. లేదండీ, బాగుందండీ అని గబగబా తిన్నాను. బిల్లు కట్టేలోపే అక్క ఫోను. తిన్నావా, ఏం కాలేదు కదా? ఏం కాలేదు. ఒక పూట గెలిచాను.

తెనాలి నుంచి బాపట్లకు ప్యాసింజర్‌లో గంట పట్టింది. కిటికీకి అటూ ఇటూ వరిచేలే. బాపట్ల స్టేషన్ బయట శ్రీను అనే ఆటో అతను సూర్యలంకకు రెండొందల యాభై అడిగాడు. షేర్ ఆటో అయితే ముప్పైలో పోవచ్చు, కానీ నాకు ఆ వేళ పక్కన మనుషులు వద్దనిపించింది. తర్వాత తేలింది, ఆ రోజు నేను తీసుకున్న ఒకే ఒక మంచి నిర్ణయం అదేనని. సాయంత్రం బస్టాండ్‌లో దింపేదాకా ఉంటానన్నాడు శ్రీను, సరేనన్నాను.

సముద్రాన్ని అంత దగ్గరగా చూడడం నాకు అదే మొదలు. గుంటూరు, తెనాలి నుంచి వచ్చిన కుటుంబాలు అప్పటికే నీళ్లలో ఉన్నాయి. చెప్పులు చేత్తో పట్టుకుని పన్నెండున్నర దాకా ఒడ్డున తిరిగాను. ఎటు చూసినా తిండే. చేపల వేపుడు, పీతలు, ఎర్రగా కాగిన నూనెలో రొయ్యలు. గాలి మారి ఆ వాసన ఇటు వచ్చినప్పుడల్లా ముక్కు మూసుకుని పక్కకు జరిగేదాన్ని. వెనక్కి వెళ్లిపోదామా అనుకున్నాను. కానీ ఖాళీ కడుపుతో వెళితే గెలిచినట్టు కాదు కదా.

పల్లె మొదట్లో ఒక రేకుల షెడ్డు కనిపించింది. నాలుగు బల్లలు, నిండా జనం. దాన్ని నడిపే ఆవిడ పేరు మార్తమ్మ. యాభై ఏళ్లు దాటి ఉంటాయి. పొద్దున చర్చికి కట్టుకెళ్లిన తెల్లచీర మార్చకుండానే పొయ్యి దగ్గర నిలబడి ఉంది. నేను ఆవిడ దగ్గరికే వెళ్లి, పిన్నీ, రొయ్యలూ వద్దు, చేపలూ వద్దు, కూరగాయలతో పెట్టండి అన్నాను. ఇంత దూరం వచ్చి కూరగాయలేంటని నవ్వింది. పోనీ కొంచెం రొయ్యల ఇగురు రుచి చూడమంది. వద్దండీ అన్నాను. డబ్బులివ్వక్కర్లేదంది. వద్దండీ అన్నాను మళ్లీ. తింటే చచ్చిపోతానని ఒక్క ముక్క చెప్పి ఉండొచ్చు. కానీ అంతమంది ముందు, ఆవిడ చేతి వంటను విషమని ఎలా అంటాను? మొహమాటం.

అన్నం, ముద్దపప్పు, దోసకాయ పులుసు వచ్చాయి. పులుసు అద్భుతంగా ఉంది. మూడో ముద్ద కలుపుతుంటే వేలికి ఏదో గరుగ్గా తగిలింది. వెలుతురుకి పట్టి చూశాను. గోటి ముక్కంత ఉంది, ముడుచుకుని, చివర ఒక నల్లటి చుక్క. కన్ను.

పిన్నీ, ఇందులో ఏం వేశారు అని అడిగాను.

"ఏం లేదమ్మా, గుప్పెడు రొయ్యపొట్టు. చిన్న రొయ్యలే, ఎండబెట్టినవి. అది లేకపోతే దోసకాయ పులుసు నీళ్లలా ఉంటది. ఒక్కదానివే వచ్చావు, డబ్బులకి మొహమాటపడి వద్దంటున్నావనుకున్నా. నీకోసమే వేశా."

ఆవిడ మీద కోపం రావాలి, రాలేదు. మా ఇంట్లోనూ అంతే. చుట్టం మొదటిసారి వద్దంటే ఎవరూ లెక్కలోకి తీసుకోరు, రెండోసారికి గరిటె పడుతుంది. పెదవులు అప్పటికే దురద మొదలుపెట్టాయి. డాక్టరు రాసిచ్చిన మాత్రలు బ్యాగ్‌లోంచి తీసి మింగాను. పిన్నీ, నాకు రొయ్య పడదు, ఆసుపత్రికి వెళ్లాలి అని చెప్పేసరికి మార్తమ్మ ముఖంలో నెత్తురు లేదు. ఆదివారం, షెడ్డు నిండా జనం, వారం మొత్తంలో ఆవిడకు నాలుగు రాళ్లు దొరికే పూట అది. గరిటె అక్కడే వదిలేసి, పొయ్యి ఆర్పేసి, నన్ను పట్టుకుని ఆటో దగ్గరికి నడిపించింది.

బాపట్ల దాకా ఆ తొమ్మిది కిలోమీటర్లు నేను మర్చిపోలేను. ఎదురుగా బీచికి వచ్చే కార్లు, బైకులు. శ్రీను హారన్ మీదనుంచి చెయ్యి తీయలేదు. నా చేతుల మీద దద్దుర్లు లేస్తున్నాయి, గొంతులో ఏదో అడ్డం పడినట్టు ఉంది, ఊపిరి పీల్చేకొద్దీ ఇరుకవుతోంది. చాలా భయమేసింది. చావు కంటే కూడా, అక్క చెప్పిందే నిజమైందన్న భయం ఎక్కువగా వేసిందంటే నమ్మండి. మార్తమ్మ నా చెయ్యి వదలకుండా ప్రార్థన చేస్తూనే ఉంది. మధ్యమధ్యలో మాట్లాడు తల్లీ, నిద్రపోకు అని కుదిపేది.

ఆసుపత్రిలో తొడకు ఇంజెక్షన్ చేశారు. కాసేపటికి గొంతు తెరుచుకుంది. మాత్ర వేసుకుని చూద్దామని కూర్చోకుండా వెంటనే రావడం మంచిదైందని, ఒక్కోసారి మళ్లీ తిరగబెడుతుంది కాబట్టి తెల్లారేదాకా ఉండాలని డాక్టరమ్మ చెప్పింది. రేపల్లె బస్సు నేను లేకుండానే వెళ్లిపోయింది. కాబట్టి రేపల్లె గురించి నన్నేమీ అడగకండి.

మార్తమ్మ ఎప్పుడు వెళ్లిందో చూడలేదు. భయపడి వెళ్లిపోయిందేమో, తప్పులేదులే అనుకున్నాను. సాయంత్రం ఆరున్నరకు మళ్లీ వచ్చింది. చేతిలో ఒక కొత్త స్టీలు గిన్నె, దాని స్టిక్కరు ఇంకా సగం అలాగే ఉంది. బాపట్లలోనే ఉన్న చెల్లెలి ఇంట్లో వండుకొచ్చిందట.

"మా ఇంట్లో రొయ్య తగలని గిన్నె ఒక్కటీ లేదమ్మా. అందుకని కొత్తది కొన్నా, గరిటెతో సహా. దోసకాయ, చింతపండు, ఉప్పు, కారం. అంతే. నువ్వు తినకపోయినా నేనేమనుకోను."

నర్సు తినొచ్చంది. నేను మాత్రం గిన్నె మీద మిగిలిన స్టిక్కరును గోటితో గీకుతూ కూర్చున్నాను. మధ్యాహ్నం అదే చెయ్యి, అదే పులుసు. ఇప్పుడు తినకపోతే ఇక ఎప్పటికీ పరాయి చేతి ముద్ద తినలేనని అర్థమైంది. కలిపాను. మార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా పెదవులనే చూస్తోంది. ఒక ముద్ద, ఇంకొకటి. ఏమీ కాలేదు. ఎలా ఉందని అడిగింది. నిజం చెప్పనా పిన్నీ, చప్పగా ఉంది అన్నాను. చెప్పానా నీళ్లలా ఉంటదని, అంటూనే ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను.

అప్పుడే అక్క ఫోను. తిన్నావా? అబద్ధం చెబితే పందెం గెలుస్తాను. తిన్నాను, రెండుసార్లు అని మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. మార్తమ్మ నా చేతిలోంచి ఫోను తీసుకుని, "తిట్టాలంటే నన్ను తిట్టమ్మా. పిల్ల వద్దనే చెప్పింది, నేనే వినలేదు," అంది. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో గానీ, ఫోను నా చేతికొచ్చేసరికి తీర్పు సిద్ధంగా ఉంది. ఒప్పందం ప్రకారం నేను ఓడిపోయాను, ఇకమీదట అక్క వెంట వస్తుంది. ముందుగా సూర్యలంకకే వస్తుందట, ఆ మనిషిని చూడాలట.

ఆరు నెలలు నేను భయపడింది తిండికనుకున్నాను. కాదు, నాకేది పడదో నలుగురిలో నోరు తెరిచి చెప్పడానికి భయపడ్డాను. నాలుగు మాటలు మిగుల్చుకోబోయి ప్రాణం మీదకు తెచ్చుకున్నాను. నన్ను ఆ స్థితికి తెచ్చిందీ, అందులోంచి లాక్కొచ్చిందీ ఒకే మనిషి ప్రేమ. దాన్ని తప్పుపట్టడం నాకు చేతకాదు.

ఇక మీకు పనికొచ్చే మాట. ఈ తీరాన ఏదైనా మీకు సరిపడకపోతే వద్దు అని ఊరుకోకండి, వద్దును ఎవరూ పట్టించుకోరు. పడదు, తింటే ఆసుపత్రే అని చెప్పండి, కూరల్లో రొయ్యపొట్టు వేశారా అని కూడా అడగండి. సూర్యలంక వెళితే మార్తమ్మ షెడ్డులో పొయ్యికి దూరంగా, మేకుకు విడిగా వేలాడదీసిన స్టీలు గిన్నె ఒకటి ఉంటుంది. రొయ్య పడనివాళ్లకని దాన్ని ఇంకెవరినీ ముట్టనివ్వడం లేదని మొన్న ఫోనులో చెప్పింది. అందులో వండమని అడగండి. పులుసు చప్పగానే ఉంటుంది, తినండి.