తాళాల గుత్తి సాక్ష్యం

కిందటి ఏడాది వేసవి. తార్నాక పక్కన విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్న మా ధ్వని విశ్లేషణ ప్రయోగశాలకు పరిశోధక విద్యార్థిని స్వప్న తన ఏడాది శ్రమను ఒక హార్డ్ డిస్క్‌లో తెచ్చింది. కోస్తాలో ఒక మడ అడవి అంచున అమర్చిన రికార్డర్ ఏడాది పొడవునా పట్టిన గబ్బిలాల కూతలవి. అవి అల్ట్రాసౌండ్, అంటే మనిషి చెవికి అందనంత సన్నని శబ్దం. పదింతలు నెమ్మదింపజేస్తేనే మనం వినగలం.

చిక్కు చలికాలంతో వచ్చింది. ఆ నెలల్లో ఒక్క కూతా లేదు.

“మైక్ ఖరాబైందేమో అంటున్నరు సార్ నా పరిశోధన కమిటీల. గట్లయితే ఏడాది మొత్తం మళ్ల చెయ్యాలె. నా ఫెలోషిప్ పైసలు అందాక రావు,” అన్నది స్వప్న.

అనుమానం సహేతుకమే. ఉప్పుగాలికి మైక్ మొద్దుబారవచ్చు. గబ్బిలాలు లేకపోయినా, ఉండి మైక్‌కు వినబడకపోయినా, పట్టికలో పడేది ఒకే సున్నా.

“రికార్డర్‌ల మెమరీ కార్డు మార్చినప్పుడల్లా దాని ముందర తాళాలు ఆడించినవా?” అని అడిగాను. తాళంచెవుల గలగలలోనూ అల్ట్రాసౌండ్ ఉంటుంది. మైక్‌ను పరీక్షించడానికి మా రంగంలో అది అలవాటు.

“ప్రతిసారి సార్, నా హాస్టల్ గుత్తితోనే. నన్ను ఆడికి తీస్కపోయే పడవాయన ఒకటే నవ్వుడు, అడవికి తాళమేస్తున్నావా అమ్మా అని. కానీ ఆ ఫైళ్లు ఏడ కనిపిస్తలేవు.”

“ఉంటయి. గబ్బిలం కానిదంతా సాఫ్ట్‌వేర్ పక్కకు తోస్తది.”

నాయిస్ అనే ఫోల్డర్ తెరిచాము. వాన, గాలి, కీచురాళ్లు; వాటి నడుమ తాళాలు. వర్షాకాలపు గలగలనూ నడిచలికాలపు గలగలనూ స్పెక్ట్రోగ్రామ్‌లో, అంటే శబ్దాన్ని బొమ్మగా చూపే పటంలో, పక్కపక్కన పెట్టాను. అదే గుత్తి, అదే మూరెడు దూరం. పై అంచు దాకా రెండూ ఒకేలా వెలిగాయి.

“అంటే, నిజంగనే అవి లేకుండెనా?” స్వప్న గొంతు తగ్గింది.

“లేవు. మైక్ చలికాలం గూడ మంచిగనే విన్నది. నీ ఏడాది యాడికీ పోలె.”

ఆమె వెంటనే వెళ్లలేదు. “మళ్ల ఎప్పుడొచ్చినయో విందాం సార్,” అన్నది. చలి విరిగిన నెల ఫైళ్లలో మొదటి కూత దొరికింది. నెమ్మదింపజేసి వినిపించాను. టిక్. ఖాళీ. టిక్. తరువాత టిక్కులు దగ్గరపడి, తరుముకొని, ఒకే జీరగా కలిసిపోయాయి. అది ఫీడింగ్ బజ్. పురుగును అందుకోబోయే ముందు గబ్బిలం చేసే శబ్దం. అన్ని నెలల నిశ్శబ్దం తరువాత, సముద్రం జాడలేని ఈ ఊరిలో ఒక గదిలో కూర్చొని, ఒక ప్రాణి చీకట్లో తన ఆహారాన్ని వెతికి పట్టుకోవడం మేమిద్దరం విన్నాము.

కమిటీ ఆ ఖాళీ నెలలను ఫలితంగానే స్వీకరించింది. గబ్బిలాలు ఆ నెలల్లో ఎటు వెళ్లాయో మాకు ఇప్పటికీ తెలియదు. నేను మాత్రం ఏ రికార్డింగ్‌లో నిశ్శబ్దం ఎదురైనా, అక్కడ వినే చెవి ఉన్నదా అని ముందు చూస్తాను. ఉన్నదని తేలితే, ఆ నిశ్శబ్దాన్ని కూడా కూత విన్నంత శ్రద్ధగానే వింటాను.