పొగ గొట్టం ఎదుట భోజనం

మా భూగర్భ గనిలో డీజిల్ పొగ కొత్త ఫిల్టర్ల వల్లే తగ్గిందని అందరూ అనుకుంటున్నారు. అది సగమే నిజం. మిగతా సగం రాయడానికి మనసొప్పకపోయినా, తెలిసినవాణ్ణి కనుక రాస్తున్నాను.

నేనక్కడ మెకానిక్‌ని. గుంటూరు గ్రంథాలయంలో డీజిల్ ఇంజన్ల మీద దొరికిన పుస్తకాలన్నీ చదివాను. బండి ఆగినప్పుడు ఇంజన్ కూడా ఆపమని, ఆ మసి ఊపిరితిత్తుల్లో పేరుకుంటుందని లోడర్ డ్రైవర్లకు ఎంత చెప్పినా, "సర్లేవోయ్ ప్రొఫెసరూ" అని నవ్వేవాళ్లు.

అప్పుడు గనిలో గాలి సంగతి చూసే అధికారిగా ఒకావిడ వచ్చింది. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చుకుని, ఇంజన్ ఆపకుండా నిలిపిన లోడర్ వెనకాల, సరిగ్గా పొగ గొట్టానికి ఎదురుగా కూర్చుని మూత తీసేది. ఇంజన్ ఆపమని ఒక్కసారీ అనేది కాదు.

మొదటిరోజే డ్రైవర్ మస్తాన్ కిందికి దూకాడు. "అయ్యయ్యో, అన్నంలో పొగ పడుతోంది మేడమ్! అక్కడ కూర్చున్నారేంటండీ?"

"రోజంతా మీరు పీల్చేదేగా మస్తాన్ గారూ. రండి, గోంగూర పచ్చడి ఉంది."

అతను ఇంజన్ ఆపి వచ్చి కూర్చున్నాడు. కొద్దిరోజుల్లోనే భోజనాల వేళ గనిలో ఒక్క ఇంజనూ మోగకుండా పోయింది. నాకు మాత్రం అన్నం సహించేది కాదు.

ఆవిడ బదిలీ అయ్యాక ఇంకో డ్రైవర్ సుబ్బారావు మళ్లీ పాత అలవాటులో పడ్డాడు. నేనూ అతని లోడర్ వెనకాల క్యారేజీ విప్పాను.

"ఒరేయ్, అక్కడంతా పొగరా! ఇటు ముందుకొచ్చి తిను" అన్నాడు, ఇంజన్ ఆపకుండానే.

చివరికి మస్తానే వచ్చి ఆపాడు, "మేడమ్ ఉంటే ఇట్లా చేసేవాడివా?" అంటూ.

ఇదంతా గుర్తుచేసిన మస్తాన్‌కు, తన పేరు రాయనిచ్చిన సుబ్బారావుకు, పుస్తకాలు వెతికిపెట్టిన గ్రంథాలయం రమాదేవి గారికి కృతజ్ఞతలు. ఆ మేడమ్‌కు కూడా చెప్పాలి. చెబుతాను, ఈ కడుపుమంట చల్లారాక.