రిజిస్టరులో మా నాన్న పేరు

మొన్న ఆదివారం చర్చిలో తెలుగు ఆరాధన ముగించుకుని పోర్ట్ బ్లెయిర్ షాదీపూర్‌లోని మా ఇంటికి వచ్చి, ఇంకా చీరైనా మార్చుకోకముందే, ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న మనిషి పక్క జిల్లాలోని రంగత్ నుంచి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పిల్లను పోర్ట్ బ్లెయిర్ సర్కారు బడిలో తొమ్మిదో తరగతిలో చేర్పిస్తాడట, పొద్దున్నే బస్సెక్కి వచ్చారట. "ఫారం ఫోన్లోనే భర్తీ చేసేసినాను టీచర్. జిల్లా వేరే అయినా చలేగా, పరవాలేదన్నారు. లోకల్ గార్డియన్‌గా మీరొక్క సైన్ చేస్తే బస్, చాలు" అన్నాడు. నేను కళ్ళద్దాలు పెట్టుకుని, అతను చూపించిన చోట సంతకం చేసేశాను. వాళ్ళు టీ తాగి వెళ్ళిపోయాక మాత్రం చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. నేనూ అలాగే వేరే జిల్లా నుంచి ఈ ఊరి బడికి వచ్చిన పిల్లనే, కానీ నా ఫారం అంత తేలిగ్గా నిండలేదు.

మా నాన్న క్యాంప్‌బెల్ బేలో పవర్ హౌస్‌లో ఇంజను ఆపరేటరు. నికోబార్ జిల్లాకు ఆ చివర ఉంటుంది ఆ ఊరు. నా ఈడు వాళ్ళకు చెప్పక్కర్లేదు గానీ, ఆ రోజుల్లో అక్కడినుంచి పోర్ట్ బ్లెయిర్ రావడమంటే ఓడ అడుగున పడుకునే అర ఇచ్చే బంకు టికెట్టు కొనుక్కుని, దీవి దీవి దగ్గరా ఆగుతూ, తిన్నది కడుపులో నిలవక, రెండు మూడు రోజులు సముద్రం మీద గడపడమే. ఊళ్ళో మా తెలుగు కుటుంబాలు కొన్నే ఉండేవి. పిల్లలకు తెలుగులో చదువు ఐదో తరగతితో ఆగిపోయేది, ఆ తరవాత అంతా హిందీయే. మా అమ్మకు బైబిలు, పాటల పుస్తకం తప్ప వేరే పుస్తకం తెలియదు, ఆ రెండింటి మీదే నాకు అక్షరాలు దిద్దబెట్టింది. నేను తెలుగు చదవడం చూసి నాన్నకు ఎంత మురిపెమంటే, పవర్ హౌస్‌లో షిఫ్టు దిగి నూనె చేతులతోనే వచ్చి, కడుక్కోకుండా పక్కన కూర్చుని వినేవాడు. నేను ఐదు పాసైనప్పుడు, పిల్లను పోర్ట్ బ్లెయిర్ పంపి తెలుగు బళ్ళోనే చదివిద్దామని ఆయనే నిర్ణయించాడు. సెలవు దొరక్కపోవడంతో, హెడ్మాస్టరు గారికి తన చేత్తో ఒక అర్జీ రాసి అమ్మకిచ్చి మమ్మల్నిద్దర్నీ ఓడెక్కించాడు.

పోర్ట్ బ్లెయిర్ డాలీగంజ్‌లో బాబాయి ఉండేవాడు. రక్తసంబంధం కాదు, శ్రీకాకుళం వైపు మా నాన్న ఊరివాడు, మెరైన్ వర్క్‌షాపులో ఫిట్టరు. అర్జీ చదివి బాబాయి తల అడ్డంగా ఊపాడు. ఓడ అనుకున్నదానికన్నా ముందే బయలుదేరడం వల్ల పాత బడి నుంచి నా టీసీ మా చేతికి రానేలేదు, పైగా జిల్లా వేరు. పై ఆఫీసు అనుమతి అంటారు, ఫైలు తిరిగొచ్చేసరికి ఏడాది పోతుందని ఆయన భయం. టీసీ లేనివాళ్ళకు చిన్న పరీక్ష పెట్టి చేర్చుకునే పద్ధతి అప్పట్లో ఉండేది. అందుకని నేను తన కూతురినని, ఇన్నాళ్ళూ ఇంటి దగ్గరే చదువుకున్నానని రాయించేస్తానన్నాడు. అమ్మకు అది నచ్చలేదు. ఆ మరునాడు ఓడ వెనక్కి వెళ్ళిపోతుంది, నన్ను చేర్పించకుండా నాన్న ముందుకెళ్ళి నిలబడే ధైర్యం ఆమెకు లేదు. చివరికి నాన్న అర్జీని మడిచి నా ట్రంకుపెట్టె అడుగున పెట్టి, "ఎవులడిగినా బాబాయి పేరే చెప్పమ్మా. నాన్నకి మాత్రం చెప్పకు" అంది.

పరీక్ష బాగా రాశాను. తండ్రి పేరేమిటని అడిగితే తడుముకోకుండా బాబాయి పేరు చెప్పాను. చిన్నపిల్లకి అది ఆటలాగే ఉంది. బాబాయి ఇంట్లో పిన్ని తన ఇద్దరు పిల్లలకూ నాకూ ఒకే నూనె రాసి ఒకే దువ్వెనతో జడలు వేసేది, చేపముక్కల్లో పెద్దది ఎవరికి పడిందని మేము ముగ్గురమూ కొట్టుకునేవాళ్ళం. నాకు ఏ లోటూ లేదు. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం బాబాయే చేసేవాడు. సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు నాన్న కార్డు అడిగితే, బళ్ళోనే ఉంచుకుంటారని అమ్మ నాకన్నా ముందే చెప్పేసేది. ఎనిమిదో తరగతిలో తెలుగు వ్యాసానికి మొదటి బహుమతి వచ్చినప్పుడు, వేదిక మీద బాబాయి కూతురిగానే నా పేరు చదివారు. ఆయన ముందు వరసలో కూర్చుని గట్టిగా చప్పట్లు కొట్టాడు. అందరూ వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని అభినందిస్తుంటే, ఆ సమయానికి ఎక్కడో ఇంజను హోరులో నిలబడి ఉన్న మా నాన్న గుర్తుకొచ్చాడు. ఆటలా అనిపించడం ఆరోజుతో పోయింది.

పదో తరగతిలో, బోర్డుకు పంపే జాబితా తయారుచేస్తూ క్లాసు టీచరు ఒక్కొక్కరి పేరూ తండ్రి పేరూ చదివి, ఇప్పుడు రాసిందే జన్మంతా సర్టిఫికెట్ మీద ఉంటుంది, తప్పులుంటే రేపటిలోగా చెప్పమన్నారు. జన్మంతా అన్న మాట నా చెవిలో పడ్డాక మిగతావేవీ పడలేదు. ఆ సాయంత్రం పిన్నీ బాబాయిల ముందు నిలబడి, నా సర్టిఫికెట్ మీద మా నాన్న పేరే ఉండాలని చెప్పాను. నాకు అంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

పిన్ని చేతిలో పని ఆపేసింది. "దొంగ కాయితం ఇచ్చినాడని ఆయన నౌకరీ పోతే మేమేటైపోవాలే? నాలుగేళ్ళు పెంచినందుకా ఇది?" అంది.

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు, అందుకే నాకు ఏడుపొచ్చింది. మాట వెనక్కి తీసుకుందామని నోటిదాకా వచ్చింది కూడా. బాబాయి మాత్రం, పెట్టె అడుగున మీ నాన్న అర్జీ ఇంకా ఉందా అని అడిగాడు. ఉందన్నాను. పొద్దున్న తను కూడా బడికి వస్తానని, అది వెంట తెమ్మని చెప్పి, పిన్నివైపు చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు.

హెడ్మాస్టరు గారు గోదావరి జిల్లా మనిషి, మాట మెత్తనే గానీ ఆయన గదిలోకి వెళ్ళాలంటే మాస్టర్లే జంకేవారు. ఆయన కుర్చీ చూపించినా బాబాయి కూర్చోలేదు. "తప్పు నాది సార్. పిల్ల చదువు ఆగిపోతాదని నా పేరు రాయించీసినాను. దీనికేటీ తెలీదు" అన్నాడు. నాకు తెలుసు సార్ అని నేను మధ్యలో అన్నాను. ఆయన మా ఇద్దరివైపూ మార్చి మార్చి చూసి, అర్జీ విప్పి మొదటినుంచీ చివరిదాకా చదివి, కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు.

"ఈ కాగితం ఆరోజే నా చేతికిచ్చి ఉంటే సరిపోయేదయ్యా. అక్కడ తెలుగు లేదని నేనే పైకి రాసి, అనుమతి వచ్చేలోగా పిల్లను తరగతిలో కూర్చోబెట్టేవాణ్ణి. ఒక్కసారి అడగొచ్చు కదా" అన్నారు.

బాబాయి ముఖం ఆరోజు ఎలా అయిపోయిందో ఇప్పుడు తలచుకున్నా నాకు మనసు చివుక్కుమంటుంది. అవసరం లేని అబద్ధాన్ని నాలుగేళ్ళు మోశాడు పాపం. హెడ్మాస్టరు గారు ఆయన మీద రిపోర్టు రాయలేదు. జరిగింది పొరపాటుగా సరిదిద్దుతానని, కానీ కన్నతండ్రి స్వయంగా వచ్చి తన ఎదుట సంతకం చేస్తేనే పేరు మారుతుందని, జాబితాను ఆఖరి రోజుదాకా తన దగ్గరే ఆపుతానని చెప్పారు. నాన్నను వెంటనే రమ్మని క్యాంప్‌బెల్ బేకి వైర్‌లెస్‌లో కబురు వెళ్ళింది. వానాకాలం, సముద్రం మహా పోటుగా ఉంది, ఓడ కార్ నికోబార్ దగ్గర ఆగిపోయిందని ఒకరూ, అసలు బయలుదేరనే లేదని ఒకరూ. నేను రోజూ బడి కాగానే హడ్డో జెట్టీకి నడిచి వెళ్ళి ఖాళీ నీళ్ళు చూసి వచ్చేదాన్ని. పిన్ని నాతో మాట్లాడటం మానేసింది, అయినా కంచంలో అన్నం మాత్రం ఎప్పటిలాగే పెట్టేది.

ఆఖరి రోజు రెండో పీరియడ్‌లో నన్ను ఆఫీసు గదికి పిలిచారు. నాన్న అక్కడ నిలబడి ఉన్నాడు. గడ్డం మాసి, కళ్ళు లోతుకుపోయి, ఓడ దిగి నేరుగా వచ్చినవాడిలా ఉన్నాడు, చేతిలో సంచీ కూడా కింద పెట్టలేదు. బాబాయి గోడకు ఆనుకుని ఉన్నాడు. హెడ్మాస్టరు గారు అడ్మిషన్ రిజిస్టరు తెరిచి ఆ వరస మీద వేలు పెట్టి చూపించారు. నాన్న వంగి చదువుకున్నాడు. ఎంతసేపు చదివాడో, ఉన్నది రెండు మాటలే. నాలుగేళ్ళుగా నేను చూపించని కార్డులన్నీ ఆ రెండు మాటల్లోనే ఆయనకు కనిపించి ఉంటాయని నేను భయపడి తల వంచుకున్నాను.

ఆయన సంచీ కింద పెట్టాడు. బాబాయి దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యి వేసి, "నాలుగేళ్ళు నా పిల్లకి అన్నం ఎట్టినావు తమ్ముడూ. నీ పేరుంటే మాత్రం తప్పేటి?" అన్నాడు. బాబాయి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆ తరవాత నాన్న కలం తీసుకుని, హెడ్మాస్టరు గారు ఎర్ర సిరాతో కొట్టేసిన పేరు పక్కన తన పేరు తెలుగులో, ఒక్కో అక్షరం విడివిడిగా, పవర్ హౌస్ లాగ్‌బుక్‌లో అంకెలు వేసినంత జాగ్రత్తగా రాశాడు. ఆ మధ్యాహ్నం డాలీగంజ్‌లో పిన్ని కొసరి కొసరి వడ్డించింది. వడ్డిస్తూ వడ్డిస్తూ నా నెత్తిమీద చిన్నగా ఒక మొట్టికాయ వేసింది. మాటలు అలా కలిశాయి.

నేను అదే ఊళ్ళో తెలుగు టీచరునయ్యాను. ఏళ్ళ తరబడి హట్‌బే నుంచీ డిగ్లీపూర్ నుంచీ పిల్లలు వస్తూనే ఉన్నారు, ఎవరు బెరుకుగా గుమ్మంలో నిలబడినా ముందు లోపలికి రమ్మనేదాన్ని. మెల్లగా పద్ధతులు సులువయ్యాయి. ఇప్పుడు ఎవరికీ పేర్లు మార్చుకోవలసిన గతి పట్టడం లేదు, అది చూసి నాకు నిజంగా సంతోషమే. మొన్న వచ్చిన పిల్ల రోజూ సాయంత్రం వీడియోలో తల్లిని చూసుకోగలదు, నాలాగ ఓడ కోసం ఎదురుచూసి ఉత్తరం చదువుకోవలసిన పని లేదు. గలగలా తెలుగు మాట్లాడుతుంది కూడా. ఏ మీడియమమ్మా అని నేనడిగితే మాత్రం, ఇంగ్లీషే కదా నానమ్మా, తెలుగు చదవడం తనకు రాదని నవ్వుతూ చెప్పింది. వాళ్ళ నాన్న కూడా నవ్వాడు, నా దగ్గర తెలుగులో చదివి పాసైనవాడే.

నేను వాళ్ళను తప్పుపట్టను, ఎవరి కాలం వాళ్ళది. అయినా నిన్న మార్కెట్ నుంచి వస్తూ బడి ముందు ఆటో ఆపించి తరగతి కిటికీలోంచి లోపలికి చూశాను. మేము ఒక బెంచీకి నలుగురం ఇరుక్కుని కూర్చున్న ఆ తెలుగు తరగతిలో, ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోవచ్చు ఇప్పుడు. ముందు వరసలో ముగ్గురు పిల్లలు ఏదో గట్టిగా చదువుతున్నారు. ఆటోవాడు "చలే క్యా దీదీ" అని రెండుసార్లు అడిగేదాకా, వాళ్ళ వెనక ఖాళీ బెంచీలను చూస్తూనే ఉన్నాను.