ఎర్ర మూత దొరికేదాకా

నా చిన్నప్పుడు మేము దుబాయ్‌లో, అల్ కుసైస్‌లో ఉండేవాళ్ళం. బిల్డింగ్ వెనక ఉన్న ఇసుక జాగానే పిల్లలందరికీ క్రికెట్ మైదానం. కరోనా తగ్గి మమ్మల్ని మళ్ళీ బయటికి వదిలిన కొత్తలో, బంతి కోసం పరుగెత్తి గాజు పెంకు మీద కాలేశాను. కుట్లు పడ్డాయి. గాయం మానింది కానీ భయం మానలేదు. స్కూలు బస్సెక్కడానికి కూడా ఆ ఇసుక తగలకుండా చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని. అమ్మ బతిమాలింది, నాన్న కసిరాడు. నేను మొండిదాన్ని, ఇసుకలో కాలు పెట్టనంటే పెట్టలేదు.

అప్పుడే మా మేనమామ వచ్చాడు. ఆయన సైన్యంలో చేసి, తర్వాత యుద్ధం ఆగిన దేశాల్లో పొలాల్లో, బడి దారుల్లో మిగిలిపోయిన మందుపాతరలు తీసే పనిలో చేరాడు. సెలవు మీద ఊరికి పోతూ మా ఇంట్లో ఆగేవాడు. గుమ్మంలో ఆయన్ని చూడగానే అమ్మ ముందు కాళ్ళూ చేతులూ తడిమి చూసుకునేది, ఆ తర్వాతే మంచినీళ్ళిచ్చేది.

నా సంగతి విని మామ నవ్వలేదు. సెలవు రోజు పొద్దున్నే పిల్లల్ని పోగేసి, జాగాను తాళ్ళతో చాళ్ళుగా విడదీశాడు. కబాబులు కాల్చే ఇనుప చువ్వలిచ్చి, ఇసుకలో ఏటవాలుగా, మెల్లగా గుచ్చి చూడమన్నాడు. తన పనిలో నిటారుగా గుచ్చితే మందుపాతర పేలుతుందట. నేను గట్టు మీద కూర్చుని చూశాను. పెంకులతో, మేకులతో బకెట్టు నిండింది. ఎండెక్కగానే పక్కింటి అన్న ఖలాస్, అయిపోయింది అని చువ్వ పారేశాడు.

మామ ఒప్పుకోలేదు. పొద్దున తానే ఒక ఎర్రటి సీసా మూత పాతానని, అది బకెట్టులో లేదని చెప్పాడు. అదే దొరకనప్పుడు ఇంకేం మిగిలాయో ఎవరు చెప్పగలరన్నాడు. అందరూ గొణుక్కుంటూ మళ్ళీ మొదటి తాడు దగ్గరికి వెళ్ళారు. చివరికి మూత దొరికింది. దాని పక్కనే వేలెడంత మేకు కూడా. దాన్ని చూసి నేను ఏడుపు లంకించుకున్నాను.

మామ బూట్లు, మేజోళ్ళు విప్పి పక్కన పెట్టాడు.

"ఖలాస్ అని నోటితోని అంటే సరిపోదు కోడలా. మా పనిల సాఫ్ చేసినోడే ముందుగాల నడువాలె. గప్పుడే ఊరోళ్ళు దిగుతరు."

ప్రతి చాలులోనూ మడమలు గట్టిగా ఆనిస్తూ నడిచాడు. ఆఖరికి జాగా మధ్యలో వెల్లకిలా పడుకుని నా వైపు చూశాడు.

నేను దిగాను. ఇసుక వెచ్చగా ఉంది, అంతే. బాల్కనీలో అమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. తన తమ్ముడు ఆ మందుపాతరల మధ్య ఎంత ఓపికగా పని చేస్తాడో ఆవిడ కళ్ళారా చూడడం అదే మొదటిసారి. మరుసటి సెలవుకి మామ వచ్చినప్పుడు అమ్మ ముందు మంచినీళ్ళే ఇచ్చింది.

ఇదంతా జరిగి యాభై ఏళ్ళు దాటింది, ఇప్పుడు నాకు మనవలున్నారు. కొత్త చోట అడుగుపెట్టడానికి వాళ్ళు జంకితే, ఏం కాదు రమ్మని గట్టు మీంచి చెప్పను. ముందు నా చెప్పులు విప్పుతాను.