బయట సంచులకు కాపలా ఉన్నామె

ఆదోనిలో చీరల అంగట్లో నేను ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. నా వయసు అరవై ఏడు. పాత యజమాని పెద్దాయన ఉన్నప్పుడు అమ్మకాల లెక్క నెలకొకసారి చూసేవాడు. ఆయన కొడుకు వచ్చాక, ఎవరి కౌంటరులో ఎంత అమ్మకమైందో ప్రతి రాత్రీ ఫోన్ గ్రూపులో పెడుతున్నాడు. పోయిన శ్రావణంలో నా కౌంటరు వరుసగా చివర్లోనే ఉంది.

"ఈ నెల చూస్తా పెద్దమ్మా. పెరగకపోతే ఇంటికాడ రెస్టు తీసుకుందువులే" అన్నాడు.

మాట మెత్తగానే ఉంది. కానీ నాకు కావలసింది రెస్టు కాదు, పని. ఇరవయ్యో తేదీ దాటితే కడుపులో మంట మొదలయ్యేది. పక్క కౌంటరు అమ్మాయి మేడ మీదికి పోయి ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చేది. నేను మాత్ర మింగి చీరలు ఇంకా వేగంగా విప్పేదాన్ని. ఎంత వేగంగా విప్పితే వచ్చినవాళ్లు అంత తొందరగా లేచేవాళ్లు.

ఒక సోమవారం ఒక తల్లి, పెళ్లి కుదిరిన ఆమె కూతురు వచ్చారు. నలభై ఒక్క చీరలు విప్పాను. ఒక పచ్చ చీర ఇద్దరికీ నచ్చింది. చాలాసేపు చేతిలో పట్టుకున్నారు. తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకుని, మళ్లీ వస్తామని లేచారు.

సోమవారం నాకు ఒంటిపూట పని. మధ్యాహ్నం ఎమ్మిగనూరు బస్సెక్కితే ఖాళీ సీటు ఆ తల్లి పక్కనే దొరికింది. ఆమె నన్ను గుర్తుపట్టి కిటికీ వైపు తిరిగింది. నేను ఊరుకోలేకపోయాను.

"అమ్మేదానికి అడగడంల్యామ్మా. ఆ పచ్చ చీర నచ్చింది గదా, ఎందుకు వద్దనుకుంటిరి?"

"అది మాకు కాదు పెద్దమ్మా. పెండ్లిలో మా వదినకు పెట్టాల. పిల్లకు మేనత్త గదా."

"మరి ఆయమ్మ యాడుండె?"

"మీ అంగడి మెట్ల మీదే కూసోనుండె. సంచులు లోపలికి తేకూడదంటిరి. పెండ్లి గిన్నెలు బయట పెట్టి అందరం ఎట్ల వస్తాం?"

"నువ్వు కాపలా ఉండి ఆయమ్మను పంపాల్సింది."

"వస్తాదా? నాకు పెట్టే చీర నేనే ఏరుకోనా, సిగ్గు లేదా నాకు అంటాది. సూపించకుండా తీసుకుంటే పెండ్లయ్యేదాకా మూతి ముడుసుకోనుంటాది."

ముందు సీట్లోంచి ఒక తల వెనక్కి తిరిగింది. ఒడిలో కొత్త ఇత్తడి బిందె ఉంది.

"ఏమే, నా మూతి సంగతి బస్సంతా సెప్తాండావా?"

ఆమె పక్కనున్న పెళ్లికూతురు చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీకు పచ్చ రంగు ఇష్టమేనా అమ్మా?" అని వదినను అడిగాను.

"నన్నడుగుతావేందక్కా? పెట్టేది వాళ్లు" అంది. అంటూనే చెయ్యి చాపి నా చీర అంచును రెండు వేళ్లతో నలిపి చూసింది. "జరీ గుచ్చుకోకుంటే ఏ రంగైనా ఒకటే."

తల్లి నా వైపు చూసింది. ఆ మాట ఆమెకూ కొత్తే. పచ్చ చీరకు గరుకు జరీ అంచు ఉంది.

ఇన్నేళ్లూ నేను నా ముందు పరుపు మీద కూర్చున్నవాళ్లనే చూశాను. చీర కట్టుకోబోయే మనిషి ఎక్కడుందో ఒక్కరినీ అడగలేదు. మర్నాడు ఈ సంగతి చెప్పి, సంచులకు లోపల చోటు ఇమ్మని యజమానిని అడిగాను. దుమ్ము వస్తుందని ఒప్పుకోలేదు.

అందుకని ఎవరు వచ్చినా ముందు మెట్ల దగ్గరికి పోయి చూడడం మొదలుపెట్టాను. సంచుల దగ్గర ఎవరైనా ఉంటే రెండు చీరలు పట్టుకుపోయి, "మీవాళ్లు అంచు తేల్చుకోలేక నిలబడినారు, మీరేమంటారు?" అనేదాన్ని. చీర మీకేనా అని మాత్రం అడిగేదాన్ని కాదు. చాలామంది అంచు నలిపి చూసి చెప్పారు. ఒకాయన మాత్రం, "నేను ఆటో డ్రైవరునమ్మా, బాడుగ కోసం కూసున్యా" అన్నాడు. ఎవరైనా కొనకుండా లేస్తే, ఎందుకు లేచారో కనుక్కుందామని నేనే వెంట లేచేదాన్ని. మాత్ర మరిచిపోయిన రోజులు వచ్చాయి.

ఒకరోజు యజమాని కెమెరాలో చూసి పరిగెత్తుకొచ్చాడు.

"సరుకు బయటికి మోస్తాండావేంది పెద్దమ్మా?"

"మెట్టు దాటలేదప్పా. సూడు."

నెలాఖరుకు నా కౌంటరు చివరి నుంచి రెండోది. యజమాని పిలిచి, "అమ్మడం కన్నా అడగడమే నీకు బాగా వస్తాది పెద్దమ్మా" అన్నాడు. నా కౌంటరును కూడా పక్క కౌంటరు అమ్మాయికే ఇచ్చి, నన్ను వాకిట్లో ఉండమన్నాడు. వచ్చినవాళ్లను అడిగి, ఎవరికేం చూపించాలో లోపలికి చెప్పి పంపాలి. జీతం తగ్గిస్తావా అని అడిగితే లేదన్నాడు.

"మరి రాత్రి గ్రూపులో నా లెక్క ఎట్ల పెడతావు?"

ఫోన్ తీసి గ్రూపు చూశాడు. "అదే నాకూ తెల్డంల్యా" అన్నాడు.

"అయితే పెట్టద్దులే. వీపు ఆనించేదానికి కుర్చీ మాత్రం ఏయించు."

కుర్చీ వచ్చింది. నిన్న ఒకామె వాకిట్లో చాలాసేపు నిలబడింది. చీర ఎవరికమ్మా అని అడిగాను.

"చీరా లేదు, ఏమీ లేదు. తలుపు తీసినప్పుడల్లా లోపల్నుంచి సల్లగాలి వస్తాంది" అంది.

కుర్చీ ఆమె వైపు జరిపి నేను లేచి నిలబడ్డాను.