కొబ్బరినూనె రాసిన కారు

2023 మార్చి. సౌదీలో, అల్ ఖోబర్‌లోని అల్ అజీజియాలో, ఒక కార్ డీటెయిలింగ్ షాపుకు నేను సూపర్‌వైజర్ని. డీటెయిలింగ్ అంటే కారు కడగడమే, కాకపోతే కొంచెం ఆలోచించి కడుగుతాం. నేను జగిత్యాలలో కెమిస్ట్రీతో డిగ్రీ చేశాను. అది ఎందుకు పనికొస్తుందని మా నాన్న అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పుడుంది. చచ్చిన పురుగులను వదిలించడానికి.

వానలు పడి ఎడారి కాస్త పచ్చబడే రోజుల్లో మిడతలు, రెక్కల పురుగులు హైవే మీద వచ్చే కార్లకు తగిలి చితికిపోతాయి. వాటి ఒంట్లోని రసం ఎండకు, ఇంజిన్ వేడికి ఉడికి క్లియర్ కోట్‌లోకి దిగుతుంది. క్లియర్ కోట్ అంటే రంగు మీద ఉండే అద్దం లాంటి పొర. గోకితే పురుగు పోతుంది, దానితో పాటు పొర కూడా పోతుంది. మా వృత్తి రహస్యం మొత్తం ఇంతే.

ఒక మధ్యాహ్నం మా షెడ్డులోకి ఒక కొత్త పెద్ద కారు వచ్చింది. దాని రంగు నలుపని వెనక్కి వెళ్లి చూశాకే తెలిసింది. ముందు భాగం మాత్రం నువ్వులద్దిన అరిసెలా ఉంది. నువ్వుల చోట ఇసుక, ఇసుక మధ్యలో పురుగులు.

డ్రైవర్ దిగి, నా చొక్కా మీది పేరు చదివి తెలుగులో పలకరించాడు. పేరు సత్తిబాబు, అమలాపురం వైపు మనిషి. ఒక సౌదీ ఇంట్లో హౌస్ డ్రైవర్. వెనక సీట్లో కఫీల్ తల్లి ఉంది. కఫీల్ అంటే వీసా ఇచ్చిన యజమాని. దేశానికి అటు కొసనున్న తాయిఫ్‌లో పెద్ద కొడుకు దగ్గర ఉండే ఆమెను, చిన్న కొడుకైన ఈ కఫీల్ ఇంటికి తీసుకొస్తున్నాడు. ఆమె నెమ్మదిగా దిగి, ఏసీ గది పడదని చెప్పి, షెడ్డులోనే కుర్చీ వేయించుకుని జపమాల తీసింది.

"ఏం పూసినవన్నా దీనికి?" అన్నాను. వాసన తెలుస్తూనే ఉంది గానీ నమ్మబుద్ధి కాలేదు.

"కొబ్బరినూనండీ."

"కారుకా?"

"ఆయ్. పనసకాయ కోసేటప్పుడు చేతికి నూనె రాసుకోమేంటండీ, జిగురంటకుండా? పురుగులూ అంటవనుకున్నానండీ."

సిద్ధాంతంలో తప్పేమీ లేదు. కాకపోతే రియాద్ దాటాక దుమ్ముగాలి లేచింది. పనసకాయ కోసేటప్పుడు ఆ ఇబ్బంది సాధారణంగా ఉండదు.

పెట్రోలు బంకు దగ్గర తువ్వాలుతో తుడవబోతే గరగరమందట. భయపడి ఆపేశాడు. అది అతను చేసిన మంచి పని. కొత్త ఉద్యోగం, ట్రయల్ పీరియడ్ ఇంకా పూర్తి కాలేదు. ఇంతకుముందు కువైట్‌లో, తను చేయని సొట్టకు తనను ఇంటికి పంపేశారట. ఇప్పుడు ఇక్కడా ఖురూజ్ కొడితే, అంటే దేశం వదిలి పొమ్మని ముద్ర వేస్తే, ఇంట్లో ఏమంటారని అడిగాను.

"మా ఆవిడ ఏమీ అనదండీ. అదే భయం."

ముందు కారును నీడలో చల్లారనిచ్చాం. ఎవరూ గుడ్డ ముట్టుకోవద్దని మా వాళ్లకు చెప్పాను. ఇసుక మీద గుడ్డ పెడితే అది గుడ్డ కాదు, గరుకు కాగితం. స్నో ఫోమ్ కొట్టాం. గడ్డం గీసుకునే నురగ లాంటిది, నూనెను పట్టుకుని ఇసుకతో సహా కిందికి జారుతుంది. సన్నటి ధారతో కడిగి, మళ్లీ కొట్టాం. ఇసుక పోయాక బగ్ రిమూవర్‌లో తడిపిన మెత్తటి గుడ్డలను, జ్వరమొచ్చిన వాడి నుదుటి మీద వేసినట్టు, బంపర్ మీద పరిచాం. తర్వాత మా పనల్లా ఊరుకోవడమే. ఈ పనిలో కష్టమైన భాగం అదే. సత్తిబాబు రెండుసార్లు గుడ్డ ఎత్తి చూడబోతే మందలించాను.

నూనె మీద పడ్డ పురుగులు నిజంగానే తేలిగ్గా ఊడొచ్చాయి. ఈ సంగతి అప్పుడు అతనికి చెప్పలేదు. చెబితే మళ్లీ రాస్తాడు.

ఇంతలో కఫీల్ వచ్చాడు. కారు అజీజియాలో ఆగిపోయినట్టు ఫోన్లో చూసి, తల్లికి ఏమైందోనని కంగారుపడి వచ్చాడట. తల్లి తల మీద ముద్దు పెట్టుకుని, బాగున్నావా అని అడిగి, అప్పుడు కారు వైపు తిరిగాడు. బానెట్ మూల తువ్వాలు తగిలిన చోట అరచేతి వెడల్పున సన్నటి గీతలున్నాయి. నల్ల కారు ఏదీ దాచిపెట్టదు.

ఇదెవరు చేశారని అరబీలో అడిగాడు. కోపంలో గొంతు పెంచేవాళ్లతో నాకు పర్వాలేదు. ఆయన తగ్గించాడు.

సత్తిబాబుకు అంత అరబీ రాదు, కానీ ఆ ప్రశ్న ఏ భాషలోనైనా అర్థమవుతుంది. ముందుకొచ్చాడు. నోరు తెరిచేలోపే కుర్చీలోంచి ముసలామె మాట వినిపించింది.

"నేనే నూనె రాయమన్నాను. అతను వద్దన్నాడు. నేనే వినలేదు."

జపమాల ఆగలేదు. రెండో మాట కొంచెం ఎక్కువైందనిపించింది గానీ, ఆమెను అడిగేదెవరు? కొడుకు ఆమెను చూశాడు, గీతలను చూశాడు, చివరికి నన్ను చూశాడు. పోతాయా అన్నాడు. పాలిష్ చేస్తే పోతాయన్నాను. ఆయన తల్లి పక్కన ఇంకో కుర్చీ వేసుకుని అందరికీ చాయ్ తెప్పించాడు.

పాలిష్ మెషిన్ చప్పుడులో సత్తిబాబు నా దగ్గరికి వచ్చి ఆవిడ ఏమన్నారని అడిగాడు. చెప్పాను. ఆమె కుర్చీ వైపు ఒకసారి చూశాడు.

"తాయిఫ్‌లో నేను రాస్తుంటే కిటికీలోంచి చూస్తూనే ఉన్నారండీ. షుక్రన్ అందామంటే పక్కన అబ్బాయిగారున్నారు."

థాంక్స్ చెబితే ఆమె అబద్ధం బయటపడుతుంది. అందుకని చెప్పలేదు. వెళ్లేటప్పుడు ఆమె కోసం తలుపు తీసి, ఏసీ గాలి ఆమె మీదికి రాకుండా మూత తిప్పాడు. ఎండలో ఏం నిలబడతావు, పోనివ్వు అని ఆమె కసిరింది.

సత్తిబాబు ట్రయల్ గట్టెక్కింది. ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నాడు. ఒకే చిక్కు. ఆమె తన మాట వెనక్కి తీసుకోలేదు. అందుకని తాయిఫ్ ప్రయాణం ఉన్నప్పుడల్లా కొడుకు వినేలా, నూనె రాశావా అని అడుగుతుంది. సత్తిబాబు బంపర్‌కు బొట్టు పెట్టినంత రాస్తాడు. కొడుకు తల్లిని కాదనలేక, తిరిగి రాగానే కారును మా షాపుకు పంపిస్తాడు.

ఆ కారు నాకు నేర్పింది పెద్దదేమీ కాదు. గోకకూడదని నాకు ముందే తెలుసు, కానీ కారు విషయంలోనే తెలుసు. మనిషి మీద పడ్డ మచ్చను కూడా తడిగుడ్డ వేసినట్టు మెత్తగా తీయొచ్చని ఆమెను చూశాకే తెలిసింది. ఇప్పుడు మా వాళ్లలో ఎవరైనా పని చెడగొడితే, కస్టమర్ ముందు నేనే చేయమన్నానని చెబుతున్నాను. అరబీలో ఆ మాట నాకిప్పుడు తడుముకోకుండా వస్తుంది.

వృత్తిరీత్యా చూస్తే, కారుకు కొబ్బరినూనె వద్దని ఆ ఇంటివాళ్లకు చెప్పాల్సిన మొదటివాణ్ణి నేనే. ఇంతవరకు చెప్పలేదు.