అత్తమ్మ కిడ్నీతో యాభై మీటర్లు

పొద్దున ఆరున్నరకు మంచిర్యాల స్టేషన్‌లో ప్యాసింజర్ రైలెక్కాం. కూర్చున్నామో లేదో మా అత్తమ్మ లచ్చవ్వ తన చేతిసంచిని నా ఒళ్ళో, పొట్టకు కుడివైపు దెబ్బ తగలకుండా అడ్డంగా పెట్టింది. "పైలం, నా కిడ్నీ" అంది. మూడేళ్ళుగా బస్సులో, పెళ్ళి పందిట్లో, రేషన్ దుకాణం లైన్లో ఇదే జాగ్రత్త, ఇదే మాట.

ఆమె కిడ్నీయే మరి. నా రెండూ చెడిపోయినప్పుడు మా అమ్మకు షుగరు ఉందని వద్దన్నారు, మా ఆయనది కలవలేదు. అత్త కోడలికి ఎందుకిస్తుందని అనుమతి కమిటీవాళ్ళు గుచ్చి గుచ్చి అడిగితే, "ఇంట్ల పని నాతోటి గాదు సారూ, గామె బతకాలె" అందట. అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు. నా సంగతికొస్తే, అత్తే లేకపోతే కోడలే లేదు.

ఇప్పుడీ ప్రయాణం కరీంనగర్‌లో అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ళకు పెట్టిన ఈతపోటీ కోసం. యాభై మీటర్లకు పేరిచ్చాను. ఏడాదిగా నేర్చుకుంటున్నా, అంత దూరం ఆగకుండా ఈదింది ఒక్కసారీ లేదు. సగం దాటాక కుడిచెయ్యి దానంతటదే పొట్ట మీదికి పోతుంది. మునుగుతాను, పక్కనున్న తాడు పట్టుకుంటాను. చూసి చూసి విసిగిన అత్తమ్మ ముందు రోజు తేల్చి చెప్పింది. ఈసారీ తాడు పట్టుకుంటే ఈత బందేనట, డాక్టర్‌తో తానే మాట్లాడుతుందట. సరేనన్నాను కానీ, నీళ్ళలో ఉన్నంతసేపే నేను రోగినన్న సంగతి మరిచిపోతాను.

గోదావరి వంతెన మీద అందరూ చిల్లర వేశారు. అత్తమ్మ ఒక రూపాయి వేసి, నా మొహం చూసి ఇంకోటి వేసింది.

పెద్దపల్లిలో దిగి, ఆటోలో బస్టాండుకు పోయి కరీంనగర్ బస్సెక్కాం. ఆడవాళ్ళకు డబ్బుల్లేని జీరో టికెట్, ఆధార్ కార్డు మాత్రం మరవకండి. ఎనిమిదింటికి నా ఫోనులో అలారం మోగింది. మందుల వేళ అది. ఖాళీ కడుపుతో మింగాలి, తర్వాత గంటదాకా ఏమీ తినకూడదు. మీలో ఎవరైనా నాలాగే బయల్దేరితే కాచిన నీళ్ళు ఇంటి నుంచే పట్టుకెళ్ళండి.

పక్క సీటామె కొండగట్టుకు మొక్కు తీర్చడానికి పోతోంది. ఏం మందులని అడిగి, సంగతి విని, అత్తమ్మను పైనుంచి కిందికి చూసింది.

"మరి మీరిద్దరు కొట్లాడరా?"

"కొట్లాడకుంట ఎట్ల? ఇచ్చింది కిడ్నీ, నోరు గాదు" అంది అత్తమ్మ.

తొమ్మిది దాటాక కరీంనగర్ బస్టాండు బెంచీ మీద ఇంటి జొన్నరొట్టె, పెసరపప్పు తిన్నాం. కొలను దగ్గర బీపీ చూశారు, డాక్టర్ కాగితాలు చూశారు. ఇక్కడ దూకడాలు లేవు, నీళ్ళలో నిలబడే మొదలుపెట్టాలి. ఇంకో పద్ధతి నాకు బాగా నచ్చింది. అవయవం ఇచ్చిన మనిషి వచ్చి ఉంటే, ఈదేవాళ్ళ వెంట గట్టు మీద నడవచ్చు. అందుకని నాకు గట్టు పక్క వరుస ఇచ్చారు. అత్తమ్మ చెప్పులు విడిచి, కుచ్చిళ్ళు ఎగ్గట్టి తయారైంది.

పదకొండింటికి విజిల్ వేశారు. ఆ చివరిదాకా బాగానే పోయాను. గోడ తాకి తిరిగి, కొంత దూరం వచ్చానో లేదో ఊపిరి చాలలేదు. కుడిచెయ్యి పొట్ట మీదికి పోయింది, తల మునిగింది. పైకి లేచి ఎడమచెయ్యి తాడు వైపు చాచాను. గట్టు మీద అత్తమ్మ ఆగిపోయింది. ఇక అయిపోయింది, ఈత బంద్ అనుకున్నాను.

"చెయ్యి తియ్యి" అంది. అరవలేదు, వంటింట్లో చెప్పినట్టే చెప్పింది. "గది ఏడికి పోదు. నువ్వు ఈదు, నేను చూస్తున్న."

మూడేళ్ళు పైలం పైలం అన్న నోరే అది. పొట్ట మీది చెయ్యి తీశాను, తాడు ముట్టుకోలేదు. ఆమె నడిచింది, నేను ఈదాను. ఆరుగురిలో ఆరోదాన్ని. గోడ పట్టుకుని ఏడ్చాను, సిగ్గుపడలేదు. అత్తమ్మ తువ్వాలుతో నా తల తుడిచి, దాంతోనే తన మొహమూ తుడుచుకుంది.

మూడింటికి నేరుగా మంచిర్యాల బస్సు దొరికింది. గోదావరిఖనిలో జనం ఎక్కి కిక్కిరిసిపోయింది. అలవాటుగా చేతిసంచి కోసం చూస్తే అది పైన అరలో ఉంది. ఆఖరున వచ్చి ఇంత సంబరంగా ఇంటికి పోవడం నాకిదే మొదలు. గోదావరి మళ్ళీ కనిపిస్తుండగా, బొగ్గుగనిలో డ్యూటీ దిగి ఇంటికొచ్చిన మా ఆయన ఫోన్ చేశాడు. ఎప్పటిలాగే వాళ్ళమ్మ కిడ్నీ ఎట్లుందని అడిగాడు. అత్తమ్మ నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"నీ పెండ్లాం కిడ్నీ మంచిగనే ఉన్నది. నా మోకాళ్ళే గుంజుతున్నయ్. బియ్యం నువ్వే పెట్టు."